టేపులో ఉంది కదా!

2006 మే 18, గురువారం. బెజవాడలో పొద్దున పది గంటలకే తారు మెత్తబడుతోంది. బందరు రోడ్డుకు దగ్గర్లో ఒక మేడమీది ఆఫీసులో ఎగుమతుల గుమస్తా తల పైకెత్తి, ‘మెయిల్ ఓపెన్ అవట్లేదేంటి?’ అన్నాడు. రెండు నిమిషాల్లో అదే మాట నాలుగు బల్లల దగ్గర వినిపించింది. పావుగంటకు నలభైమందీ ఒక్క కుర్రాడి వంకే చూస్తున్నారు.

ఆ కుర్రాడిది నూజివీడుకు అవతల ఓ చిన్న పల్లె. చుట్టూ మామిడి తోటలు. ఎమ్‌సీఏ చేశాడు. మామిడి గుజ్జు, పచ్చళ్లు విదేశాలకు పంపే ఆ సంస్థలో చేరి రెండేళ్లయింది. ఉద్యోగం పేరు ‘సిస్టమ్స్’. అంటే సర్వరు ఆగినా అతనే, ప్రింటర్లో కాగితం ఇరుక్కున్నా అతనే, ఒక్కోసారి ఫ్యాన్ తిరక్కపోయినా అతనే!

మామిడి వ్యాపారానికి మే అంటే పెళ్లివారింట్లో ముహూర్తం వేళ లాంటిది. చెన్నై రేవులో ఎక్కాల్సిన కంటైనర్ల కాగితాలు, గల్ఫ్ నుంచి వచ్చే ఆర్డర్లు, బ్యాంకు హామీ పత్రాల్లో దిద్దుబాట్లు... అన్నీ మెయిల్లోనే. మేనేజరు గదిలోంచి బయటికొచ్చి అడిగింది ఒకటే మాట.

‘‘ఏమయ్యా, టేపులో ఉంది కదా?’’

‘‘ఉంది సార్’’ అన్నాడతను. అన్నాక గొంతు తడారిపోయింది.

ఎందుకో చెప్పాలంటే ఆ టేపు సంగతి కొంచెం చెప్పుకోవాలి. ఆ ఆఫీసులో మైక్రోసాఫ్ట్ ఎక్స్ఛేంజ్ 2003 సర్వరుండేది. నలభైమంది ఉత్తరాలూ కలిపి ఒకే పెద్ద డేటాబేసు, దాదాపు 14 జీబీ. రోజూ రాత్రి దాని నకలు అగ్గిపెట్టె కన్నా కాస్త పెద్దగా ఉండే డీడీఎస్ టేపులోకి ఎక్కేది. సోమవారం నుంచి శనివారం దాకా ఒక్కో టేపు. శుక్రవారానికి మాత్రం నాలుగు, వారానికొకటి చొప్పున. ఆఫీసు తగలబడితే టేపూ తగలబడకూడదు కాబట్టి శుక్రవారం టేపు బయట ఎక్కడైనా ఉండాలని నియమం. ఆ ‘ఎక్కడైనా’ అతని ఇల్లే. శనివారం రాత్రి ఊరెళ్లేటప్పుడు పట్టుకెళ్లి, ట్రంకు పెట్టెలో నాన్న పట్టాదారు పాస్‌పుస్తకాల పక్కన పెట్టేవాడు.

పొద్దున్నే టేపు మార్చి, రిజిస్టరులో తేదీ వేసి ‘ఓకే’ అని రాయడం అతని పని. అలా రెండేళ్లు రాశాడు. మే 6 పొద్దున కూడా రాశాడు. ఆ రోజు అది నిజమే. శుక్రవారం రాత్రి బ్యాకప్ బ్రహ్మాండంగా అయింది. శనివారం రాత్రిది కాలేదు. తెర మీద ‘ఫెయిల్డ్’ అని వచ్చింది. టేపు డ్రైవుకు దుమ్ము పట్టిందనుకున్నాడు. క్లీనింగ్ క్యాసెట్ తిప్పాడు. సోమవారం రాత్రీ ఫెయిలే. సీజను ఒత్తిడి. రేపు చూద్దాం, ఎల్లుండి చూద్దాం. రిజిస్టరు మాత్రం ఖాళీగా ఉంచలేడుగా! ‘ఓకే’, ‘ఓకే’, ‘ఓకే’... మధ్యలో వచ్చిన రెండు ఆదివారాలు తీసేస్తే మే 17 రాత్రి దాకా పది బ్యాకప్‌లు విఫలమయ్యాయి. పది ‘ఓకే’లు పడ్డాయి. ఒక్కో ఓకే రాయడం ముందు దానికన్నా తేలికైంది. అబద్ధానికి ఉన్న సుగుణమే అది.

నిజానికి డ్రైవుకు ఏ జబ్బూ లేదు. ఎక్స్ఛేంజ్ తన డేటాబేసును చిన్న చిన్న పేజీలుగా రాసుకుంటుంది. అప్పట్లో పేజీ 4 కేబీ. ప్రతి పేజీకీ ఒక లెక్క వేసి పెట్టుకుంటుంది. బ్యాకప్ చేసేటప్పుడు ఒక్కో పేజీ చదివి ఆ లెక్క సరిపోతుందో లేదో చూస్తుంది. ఎక్కడైనా తేడా వస్తే మైనస్ 1018 అనే తప్పు చూపించి అక్కడికక్కడే ఆగిపోతుంది, చెడిపోయిన సరుకును మంచి సరుకని టేపుకెక్కించదు. అంటే డిస్కు పాడవుతోందని బ్యాకప్పే పది రాత్రులుగా మొత్తుకుంటోంది. ఇతనేమో నోటికి గుడ్డ అడ్డం పెడుతున్నాడు. బుధవారం అర్ధరాత్రి కరెంటు పోయింది. యూపీఎస్ చేతులెత్తేసింది. తెల్లారేసరికి డిస్కు కూడా.

హైదరాబాదులో స్నేహితుడికి ఫోన్ చేస్తే, ‘‘ఏముందిరా, ఇసీయుటిల్ స్లాష్ పీ కొట్టెయ్, అదే రిపేరు చేస్తుంది’’ అన్నాడు. కొట్టాడు. కంప్యూటరు ఒక హెచ్చరిక చూపించి ‘ఓకే’, ‘క్యాన్సిల్’ అని రెండు బొత్తాలు పెట్టింది. ఆ రిపేరు ఎలాంటిదంటే, చెడిన పేజీలను కోసి అవతల పారేసి మిగిలినదాన్ని నిలబెడుతుంది. దేన్ని పారేసిందో ఎవరికీ తెలియదు. పైగా ఒకసారి అది చేశాక పాత లాగ్ ఫైళ్లు ఆ డేటాబేసుకు అతకవు. మౌసు ‘ఓకే’ మీదే ఉంది. పది రోజులుగా రాస్తున్న మాట అదే కావడం వల్లనో ఏమో, వేలు కదల్లేదు. ‘క్యాన్సిల్’ నొక్కాడు. ముందు ఉన్నది ఉన్నట్టు, చెడిందైనా సరే, వేరే డిస్కులోకి నకలు తీసుకోవడం మొదలుపెట్టాడు. ఆ రోజు అతను చేసిన మొదటి తెలివైన పని.

తర్వాత ఇంటికి ఫోన్. ‘‘నాన్నా, ట్రంకు పెట్టెలో టేపులున్నాయి చూడు. మే 5 అని రాసి ఉన్నది కావాలి. నేను బయల్దేరి వస్తున్నా.’’

‘‘నువ్వు రావడం, మళ్లీ పోవడం ఎందుకురా? నేనే తెస్తా’’ అన్నాడు నాన్న.

ఈలోగా క్యాషియరు నెమ్మదిగా వచ్చి పక్కన నిలబడ్డాడు. పెద్దాయన, ఇంకో ఏడాదిలో రిటైరవుతాడు. ఇంట్లో కంప్యూటర్ లేదు, వేరే మెయిల్ లేదు. అమెరికాలో ఉన్న కూతురు ప్రతి ఆదివారం రాసే ఉత్తరం ఆఫీసు మెయిల్‌కే వస్తుంది. మనవరాలి ఫొటోలూ అందులోనే. ‘‘బాబూ... పాతవి కూడా వస్తాయా?’’ అని అడిగాడు. గొంతు బాగా తగ్గించి, ఆఫీసు సొమ్ము సొంతానికి వాడుకున్నట్టు సిగ్గుపడుతూ. ‘‘142 ఉండాలి. లెక్క పెట్టుకుంటుంటాను.’’

మరి ఈ పూట వచ్చే కొత్త ఉత్తరాలో? వాటికి భయం లేదు. అవతలి సర్వరు తలుపు కొట్టి, తీయకపోతే పోస్ట్‌మ్యాన్‌లా వెనక్కి వెళ్లి మళ్లీ మళ్లీ వస్తుంది. సాధారణంగా నాలుగైదు రోజులు ఓపిక పడుతుంది. అసలు భయమంతా మే 5 నుంచి 17 దాకా వచ్చినవాటి గురించే. టేపు మే 5తో ఆగిపోయింది. గల్ఫ్ ఆర్డర్లన్నీ ఆ తర్వాతివే.

ఆ ఆఫీసులో క్యాషియరుకు తెలిసిన భాషలోనే చెప్పుకుంటే సులువు. వ్యాపారి ముందు చిట్టా రాస్తాడు. ఎవరు ఎంత ఇచ్చారు, ఎంత పట్టుకెళ్లారు, వరసగా. తర్వాత తీరిగ్గా ఆవర్జాలో ఎవరి ఖాతాలోకి వాళ్ల పద్దు ఎక్కిస్తాడు. ఎక్స్ఛేంజ్ చేసేదీ అంతే. వచ్చిన ఉత్తరాన్ని ముందు లాగ్ ఫైల్లో రాస్తుంది, ఆనక డేటాబేసులోకి ఎక్కిస్తుంది. లాగ్ ఫైలు చిట్టా, డేటాబేసు ఆవర్జా. ఆవర్జా కాలిపోయినా పాత ఆవర్జా నకలు ఒకటుండి, అక్కడి నుంచి చిట్టా పేజీలు వరసగా ఉంటే కొత్త ఆవర్జా కూర్చి రాయొచ్చు. మధ్యలో ఒక్క పేజీ చిరిగినా సరే, లెక్క అక్కడితో ఆగిపోతుంది.

బ్యాకప్ సరిగ్గా అయిన రోజున పాత లాగ్‌లను, ఇక అవసరం లేదని, సర్వరు తనే తుడిచేస్తుంది. పది రోజులుగా బ్యాకప్ కాలేదు. కాబట్టి తుడవలేదు! ఒక్కోటీ 5 ఎంబీ చొప్పున దాదాపు 780 ఫైళ్లు, వేరే డిస్కు మీద, చెక్కుచెదరకుండా ఉన్నాయి. ఏ వైఫల్యాన్ని దాచాడో అదే అతన్ని ఒడ్డున పడేయబోతోంది. అయితే ఒక చిక్కు. సోమవారం ఆ డిస్కు నిండిపోతోందని హెచ్చరిక వస్తే, అందులోంచి రెండొందల ఫైళ్లు తీసేశాడు. చెరిపేద్దామనే అనుకున్నాడు. ఎందుకైనా మంచిదని చెరపకుండా తన బల్ల మీది కంప్యూటర్లోకి మార్చి పెట్టాడు. పల్లెటూరి ఇళ్లలో పాత తాడుముక్క కూడా పారేయరు. ఆ అలవాటు ఎప్పుడు పనికొస్తుందో చెప్పలేం.

నాన్న వచ్చేసరికి సాయంత్రం ఆరు. నూజివీడు నుంచి ఆగిరిపల్లి, నున్న మీదుగా బస్సు. మే నెలలో నున్న మార్కెట్ దగ్గర మామిడి లారీలు, ట్రాక్టర్లు అడ్డం పడితే ఎప్పుడు చేరతామో డ్రైవరుకే తెలియదు. చేతిలో బుట్ట. బుట్టనిండా చిన్న రసాలు. వాటి కింద తుండుగుడ్డలో చుట్టిన టేపు.

‘‘ఇంత చిన్నదానికా ఇంత హడావిడి?’’ అన్నాడు. ‘‘ఎప్పుడైనా పాడించి చూశారా దీన్ని?’’

ఆయన దాన్ని పాటల క్యాసెట్ అనుకున్నాడు. అది మరీ తప్పేం కాదు. పాటలు రికార్డు చేసేందుకు వచ్చిన డిజిటల్ ఆడియో టేపునే సోనీ, హ్యూలెట్ ప్యాకార్డ్ కలిసి 1989లో కంప్యూటర్లకు మలిచాయి. ఆ ప్రశ్న కూడా తప్పు కాదు. రెండేళ్లలో ఒక్కసారి కూడా ఏ టేపునూ తిరిగి దించి చూడలేదు. అందులో నిజంగా ఏముందో ఆ ఆఫీసులో ఎవరూ ఎరగరు.

ఆరున్నరకు టేపు పెట్టాడు. అంతకుముందు ఒక గడిలో టిక్కు పెట్టాలి: ‘ఈ డేటాబేసును బ్యాకప్‌తో చెరిపి రాయవచ్చు’ అని. అది పెట్టడానికి పది నిమిషాలు పట్టింది అతనికి. తర్వాత టేపు కీచుమంటూ తిరగడం మొదలైంది. 14 జీబీ దిగడానికి రెండు గంటలకు పైనే. ఇక కూర్చోవడమే. సర్వరు గదిలో ఏసీ. నాన్న తువ్వాలు భుజాల నిండా కప్పుకుని కుర్చీలో ముడుచుకున్నాడు.

ఇలా టేపు ముందు చేతులు కట్టుకుని కూర్చోవడం చిన్న ఆఫీసులకే రాసిపెట్టిన రాత అనుకుంటే పొరపాటు. 2011 ఫిబ్రవరి 27న ప్రపంచంలో కొంతమంది జీమెయిల్ తెరిస్తే పెట్టె ఖాళీ! గూగుల్ లెక్కలో వాళ్లు మొత్తం వాడకందార్లలో 0.02 శాతం. ఒక సాఫ్ట్‌వేర్ మార్పులోని లోపం వేర్వేరు చోట్ల దాచిన నకళ్లను కూడా తినేసింది. ఆఖరికి వాళ్లను ఆదుకున్నది ఏ తీగకూ తగిలించకుండా పక్కన పెట్టిన టేపులే. అంతకుముందు 1986 నవంబరులో అమెరికా అధ్యక్ష భవనంలో ఇరాన్ ఆయుధాల గుట్టు బయటపడే వేళ ఒలివర్ నార్త్, జాన్ పాయిండెక్స్‌టర్ తమ కంప్యూటర్ సందేశాలను తుడిచేశారు. తుడిచామనుకున్నారు. బ్యాకప్ టేపుల్లో అవి భద్రంగా ఉన్నాయి. విచారణ జరిపిన టవర్ కమిషన్ చేతికి చిక్కాయి. టేపుకు మన తన భేదం లేదు, దాచమన్నదీ చెబుతుంది, దాచొద్దన్నదీ చెబుతుంది. మన దేశంలో 2022 నవంబరు 23న ఢిల్లీ ఎయిమ్స్ సర్వర్లను సైబర్ దొంగలు తాళం వేసినప్పుడు రోగుల చీటీలన్నీ చేత్తోనే రాయాల్సి వచ్చింది. దాడి తగలని ఒక బ్యాకప్ సర్వరు నుంచే ఆ వివరాలు తిరిగి దొరికాయి.

మళ్లీ మన బెజవాడ ఆఫీసుకు. టేపు తిరుగుతుండగా అతను లాగ్ ఫైళ్లను వరసలో పెట్టి సరిచూస్తున్నాడు. నాన్న వెనక నుంచి తొంగిచూశాడు. ‘‘తొంభై తొమ్మిది తర్వాత నూరు రావాలిగా. మధ్యలో ఈ ఏ, బీ లేంటిరా?’’

‘‘అది పదహారు లెక్క నాన్నా. తొమ్మిది తర్వాత ఏ నుంచి ఎఫ్ దాకా. ఆ తర్వాతే పక్క స్థానం.’’

‘‘పదహారణాలకు రూపాయి. అలాగా?’’

అణాల కాలంలో పుట్టిన మనిషి. కొడుకు కాలేజీలో నెల రోజులు తంటాలు పడి నేర్చుకున్నది క్షణంలో అందుకున్నాడు. ఇద్దరూ కలిసి వేలు పెట్టి చదవసాగారు. 3బీఏ5, 3బీఏ6, 3బీఏ8...

‘‘ఏడేదిరా?’’

ఏడు లేదు. బల్ల మీది కంప్యూటర్లోకి మార్చిన రెండొందల్లో అదొకటి. చెరపలేదు, ఒట్టు. మరెక్కడికి పోయింది? అక్కడితో ఆగితే ఆ తర్వాతి ఫైళ్లన్నీ ఉన్నా లేనట్టే. కంప్యూటరంతా రెండుసార్లు వెతికాడు. చొక్కా వీపుకి అంటుకుపోయింది, ఏసీలో కూడా. మూడోసారి వెతుకుతుంటే గడియారం పక్కన ఉండే యాంటీ వైరస్ బొమ్మ కనిపించింది. ఎవరికో వచ్చిన వైరస్ మెయిల్ ఆనవాలు ఆ లాగ్‌లో ఉంది. యాంటీ వైరస్ పాపం తన డ్యూటీ తాను చేసింది, ఫైలు మొత్తాన్ని పట్టుకెళ్లి క్వారంటైన్‌లో పడేసింది. విడిపించి తెచ్చి వరసలో పెట్టాడు. ఏడు చేరింది.

ఆ వెతుకులాటలో నాన్న చేతికి బల్ల మీది రిజిస్టరు తగిలింది. ఆయనకు ఇంగ్లీషు రాదు. కానీ ‘ఓకే’ తెలియనిదెవరికి? ఒక్కో పేజీ తిప్పాడు.

‘‘రోజూ బాగానే ఉందని రాశావుగా. మరి పాడయిందేంటి?’’

అతను మాట్లాడలేదు. నాన్న కూడా కాసేపు మాట్లాడలేదు. తర్వాత తోట సంగతి ఎత్తాడు. అతని చిన్నప్పుడు నర్సరీ నుంచి 40 చిన్న రసం అంట్లు తెచ్చి నాటారు. మామిడికి టెంక నాటితే తల్లిచెట్టు కాయే వస్తుందని నమ్మకం లేదు. అందుకే మంచి చెట్టు కొమ్మ తెచ్చి అంటు కడతారు. బిందెలతో నీళ్లు మోశారు. అయిదో ఏట కాపు కొచ్చాక చూస్తే పదమూడు చెట్లు ఏదో పీచుకాయ.

‘‘నాటిన రోజు నర్సరీవాణ్ని అడిగితే ఏం చెబుతాడు, చిన్న రసమే అంటాడు. వాడికి మాత్రం ఏం తెలుసు? ఆకు చూస్తే అన్నీ ఒకటే. అయిదేళ్లు అందరికీ నలభై రసాలున్నాయని నేనూ చెప్పుకున్నా.’’

‘‘తెలిశాక?’’

‘‘తెలిశాక ఆ ఏడు గుత్తకు తీసుకునే అతనికి ముందే చెప్పాల్సింది. చెప్పలేదు. కోతప్పుడు అతనే చూసుకున్నాడు. మళ్లీ మన గుమ్మం తొక్కలేదు’’ అన్నాడు నాన్న. అని, రిజిస్టరు మూసి యథాస్థానంలో పెట్టి, రసం ఒకటి తీసి అరచేతుల మధ్య మెత్తగా పిసకడం మొదలుపెట్టాడు.

తొమ్మిదింటికి టేపు ఆగింది. తర్వాత సర్వరు చిట్టా చదవడం మొదలుపెట్టింది. తెర మీద ఒక్కో లాగ్ పేరు, ఒక్కో వరస. 3బీఏ6... 3బీఏ7... 3బీఏ8. నాన్న పెదాలు కదుపుతూ కూడా చదివాడు. పదిన్నర దాటాక వరసలు ఆగిపోయాయి. డేటాబేసు లేచి కూర్చుంది. మే 17 రాత్రి కరెంటు పోయే ముందు వచ్చిన ఉత్తరం దాకా ఉంది. ఆఖరి బస్సు వెళ్లిపోయింది. ఇద్దరూ బల్లలు కలిపి వాటి మీదే పడుకున్నారు.

పొద్దున ఎనిమిదింటికే మేనేజరు వచ్చాడు. మెయిల్ తెరిచాడు. ముఖం వెలిగింది. అవతలి సర్వర్లలో ఆగి ఉన్న గురువారం ఉత్తరాలు అప్పుడే ఒక్కొక్కటీ వచ్చి పడుతున్నాయి. ‘‘మొత్తానికి టేపు కాపాడిందయ్యా!’’ అన్నాడు.

అంతటితో ఊరుకోవచ్చు. అడిగేవాళ్లు లేరు. ఉత్తరాలన్నీ వచ్చాయి, రిజిస్టరులో అన్నీ ఓకేలే. నాన్న మూలన కూర్చుని చెప్పుల్లో కాళ్లు దూర్చుకుంటున్నాడు, ఇటు చూడటం లేదు.

‘‘టేపు మే 5 నాటిది సార్. ఆ తర్వాత పదిసార్లు బ్యాకప్ అవలేదు. అయిందని రాశాను’’ అంటూ రిజిస్టరు ముందు పెట్టాడు.

మేనేజరు చాలాసేపు పేజీలు తిప్పాడు. ‘‘ఈ ముక్క నిన్న పొద్దున చెప్పి ఉంటే నేను నిన్ను ఆ గదిలోకి కూడా వెళ్లనిచ్చేవాణ్ని కాదు’’ అన్నాడు. తర్వాత ఎర్ర పెన్ను తీసి అతని చేతికిచ్చాడు. పది ఓకేలూ కొట్టేసి, పక్కన పదిసార్లు ‘ఫెయిల్’ అని రాసి, పదిచోట్లా సంతకం పెట్టాడు. ఆ ఏడు ఇంక్రిమెంటు రాలేదు. ఉద్యోగం ఉంది. వారంలో కొత్త డిస్కులూ, కొత్త యూపీఎస్సూ వచ్చాయి. ఇదే సంగతి పదో తేదీన చెబితే మేనేజరు కొనేవాడా అంటే, సీజను మధ్యలో... అనుమానమే.

క్యాషియరు ఆ పూట డబ్బు లెక్క మొదలుపెట్టకుండా ముందు కంప్యూటర్ ముందే కూర్చున్నాడు. కళ్లజోడు సవరించుకుంటూ వేలితో తెర మీద ఒక్కోటీ లెక్కపెట్టాడు. 143 వచ్చాయి. మళ్లీ మొదటి నుంచి లెక్కపెట్టాడు. 143. తప్పు ఆయనదే, మే 14 ఆదివారంనాటి ఉత్తరం లెక్కలో కలుపుకోవడం మరిచాడు. ప్రింటరు దగ్గరికెళ్లి, ‘‘బాబూ, ఇవన్నీ కాగితం మీద తీసుకుంటే ఆఫీసువాళ్లు ఏమైనా అంటారా?’’ అని అడిగాడు.

టేపు తిప్పి చూడటానికి వేరే సర్వరు కొనాలేమోనని అతని భయం. అక్కర్లేదు. అసలు పెట్టెలను ముట్టకుండా పాత డేటాబేసును పక్కన విప్పి చూసుకునే ఏర్పాటు ఎక్స్ఛేంజ్ 2003తోనే వచ్చింది, రికవరీ స్టోరేజ్ గ్రూపు అని. రెండేళ్లుగా ఆ సర్వర్లోనే ఉంది. అప్పటి నుంచి ప్రతి నెలా మొదటి శనివారం ఏదో ఒక టేపు తీసి, దించి, ఏదో ఒక ఉత్తరం తెరిచి చూశాకే రిజిస్టరులో రాయడం మొదలుపెట్టాడు. ‘ఓకే’ అని కాదు, ఏ ఉత్తరం తెరిచాడో దాని తేదీ.

తర్వాత అతను హైదరాబాదు వెళ్లాడు, ఉద్యోగాలు మారాడు. టేపుల కాలం పోయి మెయిళ్లు మబ్బుల్లోకి చేరాయి. ఆ పల్లె కూడా 2022లో కృష్ణా జిల్లా నుంచి ఏలూరు జిల్లాలోకి మారింది. పదమూడు పీచుకాయ చెట్లనూ మోడు కొట్టించి, పెరట్లోని పాత రసం చెట్టు కొమ్మలతో పైన అంటు కట్టించాడు నాన్న. నెలలో మొదటి శనివారం రాత్రి ఫోన్ చేస్తే ఆయన అడిగే మొదటి మాట ఇప్పటికీ అదే.

‘‘ఏరా, టేపు పాడించావా?’’